మేఘము క్రింద రాత్రి కావలి

(డయాసిస్ యౌవనస్థుల సదస్సులో ఇచ్చిన ప్రసంగ పాఠము)



సదస్సు కమిటీవారు మాకిచ్చిన అంశము "వ్యాపార సంస్థలో క్లౌడు టీమునకు నాయకత్వము వహించుట" అనునది. ఈ అంశమును ఒక పాదిరికిచ్చుట ఏమిటని కొందరు నవ్వినారు. నవ్వవలసినదే. వేదాంత కళాశాలలో మాకు హెబ్రీ, గ్రీకు నేర్పినారుగాని సర్వరులను గూర్చి ఎవరును నేర్పలేదు. అయితే ఈ పది సంవత్సరములలో మేము ఏ యింటికి ప్రార్థనకు వెళ్లినను కుమారుడో, కుమార్తెయో, కోడలో హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఈ పనిలో ఉన్నారని వినుచున్నాము. "అయ్యగారూ, మావాడు పదిమందికి లీడరండి" అని తల్లి సంతోషముగా చెప్పును. ఆ మాట ముగియకముందే "రాత్రులు నిద్ర లేదండి" అని కొంగుతో కన్నులు తుడుచుకొనును. ఆ రెండు మాటల నడుమ ఏమున్నదో తెలిసికొనుట కాపరి పని. అందుచేత ఆ ఉద్యోగములో ఉన్న మన సంఘస్థులను కూర్చుండబెట్టి అడిగినాము. పెద్ద కంపెనీలు తమ యంత్రములు ఆగిపోయినప్పుడు తామే వ్రాసి ప్రకటించిన నివేదికలను చదివినాము. మేము చెప్పబోవునది అందులోనుండి వచ్చినదే.

మొదట పెద్దల నిమిత్తము ఒక మాట. క్లౌడు అనగా మేఘము. అయితే ఆకాశములో ఏమియు లేదు. కిటికీలు లేని పెద్ద భవనములలో, బీరువాలవంటి ఇనుప చట్రములలో, వేలకొలది కంప్యూటర్లు రాత్రింబగళ్లు నడచుచుండును. వాటిని చల్లబరచు యంత్రములు, కరెంటు పోయిన క్షణములోనే అందుకొను బ్యాటరీలు, వాటి వెనుక డీజిలు జనరేటర్లు ఉండును. ఆ కంప్యూటర్లను వ్యాపార సంస్థలు సొంతముగా కొనక, మనము కరెంటుకు బిల్లు కట్టినట్లు, వాడుకొన్నంతకు అద్దె కట్టును. అమెజాన్ కంపెనీ 2006లో ఈ విధముగా అద్దెకిచ్చుట ప్రారంభించినది. తరువాత గూగుల్, మైక్రోసాఫ్ట్ అదే దారిన వచ్చినవి. 2022 నవంబరులో అమెజాన్‌వారు హైదరాబాదు ప్రాంతములో కూడ తమ కేంద్రములను ప్రారంభించినారు. కనుక ఈ మేఘములో కొంత భాగము మన నేలమీదనే ఉన్నది.

అద్దె యంత్రమైనంత మాత్రమున అది తనంతట తానే నడువదు. మందులు సరఫరా చేయు కంపెనీ గాని, బస్సు టిక్కెట్లు అమ్ము సంస్థ గాని, తన పనికి ఎన్ని యంత్రములు కావలెనో, ఏ తలుపునకు ఎవరియొద్ద తాళపుచెవి ఉండవలెనో, లెక్కలకు నకళ్లు ఎక్కడ దాచవలెనో, కొత్త ప్రోగ్రామును పాతదాని స్థానములో పనికి అంతరాయము లేకుండ ఎట్లు పెట్టవలెనో చూచుకొనుటకు ఎనిమిది పదిమందిని ఉంచుకొనును. అదే క్లౌడు టీము. మన పల్లెలలో చెరువుకు నీరటి ఉండెడివాడు, జ్ఞాపకమున్నదా? తూము తెరచుట, మూయుట, వాన రాత్రి లాంతరు పట్టుకొని కట్టమీద తిరుగుట అతని పని. పొలము పండినప్పుడు అతనిని ఎవరును తలంచలేదు. కట్ట తెగిన రాత్రి మాత్రము ఊరంతయు అతని పేరే పిలిచెను. ఈ పిల్లల ఉద్యోగము అట్టిది. ఆ నీరటులకు పెద్దగా నియమింపబడినవాడే టీము లీడరు.

ఈ లీడరు మొదట తెలిసికొనవలసినది ఒక లెక్క. కంపెనీలు తమ ఖాతాదారులతో "మా సేవ నూటికి 99.9 వంతులు అందుబాటులో ఉండును" అని ఒప్పందము వ్రాసుకొనును. వినుటకు అది పరిపూర్ణతవలె ఉన్నది. 30 దినముల నెలలో అది 43 నిమిషములు ఆగిపోవుటకు సెలవిచ్చుటయే. దాని చివర మరియొక తొమ్మిది చేర్చి 99.99 అని వ్రాసినయెడల, నెలకు 4 నిమిషములకు కొంచెము ఎక్కువ మాత్రమే మిగులును. నిద్రించుచున్న మనిషి ఫోను మ్రోగుట విని, లేచి, కన్నులు నులుముకొని, కంప్యూటరు తెరచుటకే ఆ 4 నిమిషములు చాలవు. అనగా ఆ ఒక్క తొమ్మిదిని చేర్చుటకు, మనిషి చేయి తగులకుండ యంత్రమే తన్ను బాగుచేసికొను ఏర్పాటు కావలెను. దానికి సొమ్ము కావలెను, నెలల పని కావలెను. అమ్మకము విభాగమువారు ఖాతాదారుని మెప్పించుటకు ఆ అంకెను చేర్చుదురు. సొమ్ము మాత్రము మంజూరు చేయరు. అప్పుడు ఆ తొమ్మిదికి వెల ఎవరు చెల్లించుచున్నారు? టీములోని పిల్లలు తమ నిద్రతో చెల్లించుచున్నారు. కనుక యజమానుల ఎదుట నిలువబడి "ఈ వాగ్దానము మనము నిలుపుకొనలేము, లేదా దీనికింత వ్యయమగును" అని నెమ్మదిగా, అంకెలతో చెప్పగలవాడే ఆ కుర్చీకి తగినవాడని మా అభిప్రాయము. యజమానుని మెప్పుకొరకు ఊరకుండువాడు తనవి కాని రాత్రులను దానము చేయుచున్నాడు.

గూగుల్ కంపెనీలో 2003లో బెన్ ట్రేనర్ అను ఇంజనీరు ఇట్టి టీమును మొదలుపెట్టినాడు. అక్కడివారు తమ పద్ధతులను 2016లో ఒక పుస్తకముగా ప్రకటించినారు. అందులో ఒక పద్ధతి మాకు నచ్చినది. ఇంత సేపు సేవ ఆగిపోవచ్చునని ముందుగానే అందరును ఒప్పుకొని, ఆ సమయమును చేతిలోని సొమ్మువలె లెక్కింతురు. అది మిగిలియున్నంతవరకు కొత్త మార్పులు త్వరగా చేయవచ్చును. అది ఖర్చయిపోయినయెడల కొత్తవి ఆపి, ఉన్నవాటిని బాగుచేయవలెను. పొరపాటు జరుగదని ఎవరును నటింపనక్కరలేదు. జరుగునని ఒప్పుకొని లెక్క వ్రాసికొనుటలో ఎంతో నెమ్మది ఉన్నది.

ఇక మేము ముఖ్యముగా మాట్లాడదలచినది, కట్ట తెగిన రాత్రిని గూర్చియు, ఆ మరుసటి ఉదయమును గూర్చియు.

2017 ఫిబ్రవరి 28, మంగళవారము. అమెరికాలో అమెజాన్ కంపెనీవారి ఉత్తర వర్జీనియా కేంద్రములో ఒక ఉద్యోగి బిల్లుల లెక్క నెమ్మదిగా సాగుచున్నదని సరిచేయుచున్నాడు. కొద్ది సర్వరులను ప్రక్కకు తీయుమని ఆజ్ఞ వ్రాయవలెను. వ్రాయుటలో ఒక మాట తప్పుగా పడినది. కొద్ది సర్వరులకు బదులు చాల ఎక్కువ సర్వరులు తొలగిపోయినవి. వాటిమీద ఆధారపడిన రెండు పెద్ద భాగములను మొదటినుండి మరల ప్రారంభించవలసి వచ్చినది. అనేక సంవత్సరములుగా వాటిని ఎవరును పూర్తిగా ఆపి ప్రారంభించియుండలేదు గనుక అనుకొన్నదానికంటె ఎక్కువ సమయము పట్టినది. వేలకొలది సంస్థల పని నాలుగు గంటలకు పైగా నిలిచిపోయినది. మరియొక వింత ఏమనగా, సేవ ఆగిపోయినదని లోకమునకు తెలియజేయవలసిన వారి ప్రకటన పలక కూడ ఆ సేవమీదనే ఆధారపడియుండెను. అందుచేత సుమారు రెండు గంటలు ఆ పలకను మార్చలేకపోయినారు. అది మొదలైనప్పుడు మన దేశములో రాత్రి 11 గంటల 7 నిమిషములు. పూర్తిగా బాగుపడునప్పటికి తెల్లవారుజామున 3 గంటల 24 నిమిషములు, అనగా ఆ సంవత్సరపు భస్మ బుధవారము అప్పటికే ప్రవేశించినది.

తరువాత ఆ కంపెనీ ప్రకటించిన నివేదికను మేము రెండు సార్లు చదివినాము. అందులో ఆ ఉద్యోగి పేరు లేదు. అతనిని నిందించిన మాట ఒక్కటియు లేదు. అతడు అధికారము కలవాడనియు, నిర్ణీత పద్ధతి ప్రకారమే పని చేయుచుండెననియు వ్రాసినారు. పిమ్మట తాము మార్చినదేమిటో చెప్పినారు. ఆ పనిముట్టు ఒక్కసారిగా అన్ని సర్వరులను తీయకుండ నెమ్మదిగా తీయునట్లు చేసినారు. ఒక భాగమునకు కావలసిన కనీస సంఖ్యకంటె తగ్గించు ఆజ్ఞను అది అంగీకరింపకుండ అడ్డు పెట్టినారు.

ఈ సంగతి చదివినప్పుడు మాకు ద్వితీయోపదేశకాండము జ్ఞాపకమునకు వచ్చినది. 19వ అధ్యాయములో ఒక మనుష్యుడు పొరుగువానితో కలిసి అడవిలో కట్టెలు కొట్టుచుండగా గొడ్డలి పిడినుండి ఊడి పొరుగువానికి తగిలి చనిపోయిన సంగతి ఉన్నది. అతనికి పగ లేదు, ఉద్దేశము లేదు. అతడు పారిపోయి బ్రదుకుటకు ఆశ్రయపురములను ధర్మశాస్త్రము ఏర్పరచినది. అదే గ్రంథము 22వ అధ్యాయములో, కొత్త యిల్లు కట్టువాడు ఎవరును పడిపోకుండ ఇంటి పైకప్పునకు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ ఉన్నది. పడినవానిని "చూచుకొని నడువరాదా" అని తిట్టుట సులభము. ధర్మశాస్త్రము కట్టినవానిని అడుగుచున్నది. టీము లీడరునకు ఈ రెండు అధ్యాయములును కావలెను. గొడ్డలి ఊడినవానికి ఆశ్రయము ఇవ్వవలెను. ఇంటికి పిట్టగోడ కట్టించవలెను. ఒకటి చేసి రెండవది విడిచినయెడల, మరుసటి నెలలో మరియొకడు అక్కడనే పడును.

దీనిని ఆ వృత్తిలోనివారు "నింద లేని విచారణ" అని పిలుచుచున్నారు. ఆ పేరు మాకు పూర్తిగా నచ్చలేదు. మనిషికి బాధ్యతయే లేదన్నట్లు వినబడును. పాపము వేరు, పొరపాటు వేరు. లెక్కలు దాచి అబద్ధమాడినవానిని, తాళపుచెవిని పరులకమ్మినవానిని ఆశ్రయపురములోనికి రానీయకూడదు. ఉద్దేశపూర్వకముగా చంపినవానికి ఆ పురములో చోటు లేదని అదే అధ్యాయము చెప్పుచున్నది. అయితే అలసిన చేతితో ఒక అక్షరము తప్పు వ్రాసినవానిని ఆ వరుసలో నిలువబెట్టుట అన్యాయము. అన్యాయము మాత్రమే కాదు, వ్యాపారమునకు నష్టము కూడ. దానికొక నిదర్శనము చెప్పెదము.

మన డయాసిస్‌కు చెందిన ఒక యౌవనస్థుడు అనుమతించినందున, పేరును ఊరును కంపెనీని విడిచి చెప్పుచున్నాము. వరుసగా మూడవ రాత్రి మేలుకొనియున్న అతడు, తెల్లవారుజామున 2 గంటలకు, పరీక్షకొరకు పెట్టిన యంత్రములను తీసివేయుచున్నానని తలంచి, నిజముగా నడచుచున్న వాటిని తీసివేసినాడు. రెండును తెరమీద ఒకే రంగులో, ఒకే తీరులో కనబడుచుండెనట. 40 నిమిషములు అమ్మకములు ఆగినవి. ఉదయమున మేనేజరు అతని పేరు పెట్టి కంపెనీలోని అందరికిని ఉత్తరము పంపినాడు. ఉద్యోగము పోలేదు. కాని ఆ దినమునుండి ఆ టీములో ఒక చిన్న తప్పును గూర్చియైనను ఎవరును నోరు తెరువలేదు. తప్పులు జరుగక కాదు. ఆరు నెలలకు ఒక సర్టిఫికేటు గడువు తీరిపోయి సేవ అంతయు ఒక పూట ఆగిపోయినది. గడువు దగ్గరపడినదని ఇద్దరికి ముందుగానే తెలుసు. "ఇన్నాళ్లు ఎందుకు చూడలేదు" అని తమ పేరే ఉత్తరములో పడునని భయపడి ఇద్దరును ఊరకుండినారు.

తరువాత ఆ టీమునకు వచ్చిన లీడరు ఒక సహోదరి. ఆమె మన విశ్వాసమునకు చెందినవారు కారు. మొదటి సమావేశములో ఆమె తాను పూర్వము ఒక ఉద్యోగములో డేటాబేసును తుడిచివేసిన సంగతి, ఆ రాత్రి తనకు వణుకు పుట్టిన సంగతి, నవ్వుచు, దాచక చెప్పినారట. పిమ్మట "ఇక్కడ మీకు భయము కలిగించు యంత్రము ఏది?" అని ఒక్కొక్కరిని అడిగినారు. ఆ దినమే పదకొండు సంగతులు బయటపడినవి. నిజముగా నడచు యంత్రముల తెరకు ఎర్ర రంగు వేయించినారు. తీసివేయు ఆజ్ఞకు రెండవ మనిషి అంగీకారము ఉండవలెనని నియమము పెట్టినారు. ఒప్పుకోలును గూర్చి మనము ప్రతి ఆదివారము ఆరాధన క్రమములో చదువుచున్నాము. దానిని ఆమె తన ఆఫీసు గదిలో ఆచరణలో పెట్టినారని విన్నప్పుడు మాకు సంతోషమును కొంత సిగ్గును కలిగినవి.

నకళ్లను గూర్చి క్లుప్తముగా. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను సంస్థలో, దినమంతయు పనిచేసి అలసిన ఉద్యోగి ఒకడు ఒక యంత్రమనుకొని మరియొక యంత్రములోని ముఖ్యమైన డేటాను తుడిచివేసినాడు. క్షణములో గుర్తించి ఆపినను, దాదాపు అంతయు పోయినది. నకళ్లు తీయుటకును దాచుటకును వారికి ఐదు పద్ధతులు ఉండెను. వెదకి చూడగా ఒకటియు నమ్మదగినట్లు పనిచేయుటలేదు. నకలు తీయు ప్రోగ్రాము పాతదగుటచే కుదరక ప్రతి దినము విఫలమగుచుండెను. ఆ సంగతి తెలుపవలసిన ఉత్తరములు దారిలోనే తిరస్కరింపబడుచుండెను. అదృష్టవశమున ఆరు గంటల క్రితము వేరొక పనికొరకు తీసిన ప్రతి ఒకటి దొరికినది. ఆ సంస్థ దేనిని దాచక, బాగుచేయు పనిని అందరును చూచుచుండగానే చేసినది. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని తేజాన్ నగరములో ప్రభుత్వ డేటా కేంద్రము కాలినప్పుడు, అక్కడి ఉద్యోగుల ఫైళ్లు 858 టెరాబైట్లు మరి తిరిగిరాలేదు. వెలుపల నకలే లేదు. ఈ శతవార్షిక సంచికకొరకు పాత బాప్తిస్మ రిజిస్టరులను వెదకినవారికి చెదపురుగుల సంగతి ఎవరును చెప్పనక్కరలేదు. నకలు ఉన్నదనుట చాలదు, దానినుండి తిరిగి నిలువబెట్టి చూచిన దినము ఏదని లీడరు అడుగుచుండవలెను. మూడు నెలలకొకసారియైనను ఆ పరీక్షకు ఒక దినము కేటాయించవలెనని మన పిల్లలు చెప్పుచున్నారు.

ఇప్పుడు రాత్రి కావలి సంగతి. న్యూయార్కులో ఉదయము 10 గంటలైనప్పుడు మనకు రాత్రి 7.30 గాని 8.30 గాని. వారి వ్యాపారపు పగలంతయు మన రాత్రియే. అందుచేత అమెరికా కంపెనీల కావలి హైదరాబాదు పిల్లలమీద పడుట సహజమైపోయినది. దీనిని "ఆన్‌కాల్" అందురు. వంతు వచ్చిన వారమున ఫోను దిండు ప్రక్కన పెట్టుకొని పండుకొనవలెను. మ్రోగిన కొద్ది నిమిషములలో పనిలో ఉండవలెను. మ్రోగకపోయినను నిద్ర పట్టదని వారి భార్యలు మాతో చెప్పినారు.

నిర్గమకాండము 18లో యిత్రో అల్లుని చూడవచ్చినప్పుడు, మోషే ఉదయమునుండి సాయంత్రమువరకు ఒక్కడే కూర్చుండి జనులకు న్యాయము తీర్చుచున్నాడు. మామగారు అది మంచి పని కాదని, నీవును జనులును నలిగిపోవుదురని మొగముమీదనే చెప్పినాడు. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమింపుమన్నాడు. మన పిల్లలలో మంచి లీడరులకు వచ్చు శోధన ఇదే. టీములో వాని కంటె పని తెలిసినవాడు ఉండడు గనుక ప్రతి ఫోనును తానే తీసికొనును. దానిని త్యాగమని తలంచును. కాని అతడు సెలవు పెట్టిన దినమున ఎవరికిని ఏమియు తెలియదు. తన తలలోని సంగతిని కాగితముమీద పెట్టి, చిన్నవాని చేత చేయించి, ప్రక్కన కూర్చుండి చేయి పెట్టకుండ ఉండుట, త్యాగముకంటె కష్టమైన పని. మేము పై చెప్పిన గూగుల్ పుస్తకములో, ఒక్క చోటనుండియే ఇరువదినాలుగు గంటలు కావలి కాయు టీమునకు కనీసము ఎనిమిదిమంది కావలెననియు, ఒక షిఫ్టులో రెండు ప్రమాదములకు మించి మనిషిమీద పడకూడదనియు, మరల మరల చేయు చాకిరి వారి పని సమయములో సగమునకు మించరాదనియు వ్రాసినారు. నలుగురితో ఆ పని చేయించు కంపెనీలు మన నగరములో ఉన్నవి. లీడరు ఈ అంకెలను పై అధికారుల బల్లమీద పెట్టవలెను. ఎన్ని ఫోనులు ఏ గంటకు మ్రోగినవో నెలనెల వ్రాసి చూపవలెను. "పిల్లలు కష్టపడుచున్నారు" అను మాటకు రాని మంజూరు ఆ కాగితమునకు వచ్చినదని ఒక సంఘస్థుడు మాతో చెప్పినాడు.

మరియొక లీడరు, మన సంఘములోని సహోదరుడే, సంవత్సరారంభమున వంతుల పట్టిక వేయుటకు ముందు, ఎవరికి ఏ పండుగ ముఖ్యమో అందరినడిగి వ్రాసికొనును. దసరా రాత్రియు రంజాను దినమును తాను, మరియొక క్రైస్తవ సహోదరి కావలి కాయుదురు. డిసెంబరు 24 రాత్రి వారి ఫోను ఒక శ్రీవైష్ణవ యువకుని యొద్ద ఉండును. గత సంవత్సరము అర్ధరాత్రి ఆరాధన ముగియగానే సంఘము చేసిన కేకు ఒకటి ఆ యువకుని యింటికి వెళ్లినది. గ్రుడ్డు లేకుండ చేయించినామని స్త్రీల మైత్రివారు మమ్మును మరిమరి నమ్మించినారు.

సంఘ పెద్దలకు ఒక విన్నపము. ప్రసంగము మధ్య ఫోను మ్రోగి ఒక బిడ్డ లేచి బయటికి పరుగెత్తినప్పుడు, వెనుకకు తిరిగి చూచి పెదవి విరువకుడి. మిషను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు ఆరాధనకు రాలేదని మన పెద్దలు ఎన్నడును తప్పు పట్టలేదు. పాస్టరేటు కమిటీ అనుమతితో, వచ్చే ఆదివారమునుండి తలుపు ప్రక్కనున్న చివరి బెంచీని కావలి వంతు ఉన్నవారికి విడిచిపెట్టుచున్నాము. అక్కడ కరెంటు ప్లగ్గు ఒకటి పెట్టించినాము. ఉదయపు ఆరాధనకు రాలేనివారికి సాయంత్రము 5 గంటలకు ప్రభు సంస్కారము ఇవ్వబడును. వంతు వారములో ఉన్నవారు తమ పేరు శనివారమునాటికి కార్యదర్శిగారికి తెలిపినయెడల, ఆ వారము వారి యింట రాత్రి కూటము పెట్టకుండ చూచెదము.